తేమ

రాత్రి పదకొండు దాటింది.
పరకాల రోడ్డు మీద జిన్నింగ్ మిల్లు గేటు కాన్నుంచి
పంక్చర్ షాపు మలుపు దాక ట్రాక్టర్ల లైను.
నా చేతిల తేమ మిషను.
సీజన్ అయిపోయేదాకనే ఈ నౌకరి.
నా పేరు రజిత. ఐడీ కార్డు మీద రంజిత.
ఎవరూ దిద్దలే, నేనూ అడగలే.

లైన్ల ఉన్నోళ్లకు పని లేదు, నిద్ర లేదు,
సెల్లుల చార్జింగు మాత్రం ఉన్నది.
అందుకే లోకం సంగతి మాట్లాడుకుంటున్నరు.

"కంప్యూటరు కైతలు కడుతున్నదట" అన్నడు ఓదెలు,
బస్తా మీద బాసింపట్టేసుకొని.
"ఏదడిగినా లేదనదట.
మా చిన్నోడు అడిగిండు, గులాబి పురుగు ఎట్ల పోతదని.
మంచిగనే చెప్పింది, అబద్ధమెందుకు,
రెండు పేజీలు చెప్పింది.
ఆఖరికి, మీ దగ్గరి వ్యవసాయ అధికారిని కలువుండ్రి అన్నది.
ఆ కుర్సీ ఖాళీగుండవట్టి మూడేండ్లాయె."

టైరుకు ఒరిగిన యాకూబ్‌పాషా డ్రోను ముచ్చట తీసిండు.
"పది నిమిషాలల్ల ఎకరం కొట్టింది.
ఆ సప్పుడుకు మా కోడె పలుపు తెంపుకొని
కటాక్షపురం దాక ఉరికింది.
మందుకు పది నిమిషాలు, కోడెకు రెండు దినాలు."

"ఏమన్న గానీ, దేశం ముందుకు పోతున్నది"
ఎవరో చీకట్లకెల్లి.
"లైను పోతలేదు గదనే"
ఇంకెవరో, ఇంకింత చీకట్లకెల్లి.

ఏడనో లడాయైతే మనకు యూరియా ఎందుకు పిరమైతది?
మొగిలి పుల్ల అందుకున్నడు.
దుమ్ముల సముద్రం గీసిండు,
సముద్రంల సందు గీసిండు,
సందుల ఇరుక్కున్న ఓడ గీసిండు.
యూరియా బస్తా గీద్దామనేసరికి
ముంగటి బండి గజమంత జరిగింది.
అందరు లేసి ఎవరి ట్రాక్టరు వాళ్లు దొబ్బిన్రు.
ఓడ టైరు కింద పడ్డది.

గప్పుడు కనకవ్వ మనుమరాలు ఫోన్ల చూసుకుంట సదివింది:
చందమామ మీద నీళ్లున్నయట.

అందరు తలకాయ పైకెత్తిన్రు.
మిల్లు రేకుల మీద సగం ముక్క,
నీళ్లున్న జాడే లేదు.

"ఎంతుంటదంటవు తేమ?"
ఓదెలు నన్నడిగిండు,
నేనేదో నిన్నటిదాక ఆడనే డ్యూటీ చేసినట్టు.
ఇంటర్ల చదివింది యాదికి తెచ్చుకొని చెప్పిన.
పొద్దు ఎన్నడూ సూడని గుంతలుంటయి,
గండ్ల మంచుగడ్డ లెక్కనట, శానా కొంచెమట.

కనకవ్వ కొంగు చెవుల మీదికి గుంజుకున్నది.
"ఎన్ని పైసలు పెట్టి ఎతికిన్రు బిడ్డా?"
"కోట్లు, అవ్వా."
"దొరికితే సంబురపడ్డరా?"
"చప్పట్లు కొట్టిన్రు."
"రేటు తగ్గియ్యలేదా?"

నవ్వు లైను పొడుగూత పోయింది,
మలుపు కాడ ఏం జోకో తెల్వనోళ్లు గూడ నవ్విన్రు.
నేను గూడ నవ్విన.
తరువాత వంతు కనకవ్వదే.

సూది గుచ్చిన.
పద్నాలుగు.
ఇంకో పక్క గుచ్చిన.
పద్నాలుగు మీద రెండు.
పన్నెండు దాటితే కొనరు.

ఇంట్ల ఎల్లినప్పుడు పదకొండే ఉండెనో ఏమో.
పొద్దుగూకంగ వచ్చి ఈ గేటు కాడ నిలబడ్డది,
మంచు కురవవట్టె, బండి జరగకపోయె.
ఆ నీళ్లు చేన్లయా, లైన్లయా
మిషను చెప్పది.
దానికి తేమే ఎరుక, జాము ఎరుక లేదు.
రిజిస్టర్ల గూడ ఆ ముచ్చటకు గడి లేదు.

కనకవ్వ నన్ను తిట్టలే.
తిడితే బాగుండు.
"చందమామ నయం" అన్నది, అంతే.

గోడ పక్కన పరదా పరిపిచ్చిన.
పొద్దెక్కినంక మళ్ల గుచ్చుతనని చెప్పిన,
సూపర్‌వైజర్‌కు చెప్పొద్దని గూడ చెప్పిన.
అవ్వ, మనుమరాలు పత్తి దించుతుంటే
ఓదెలు, పాషా ఓ చెయ్యేసిన్రు.
సూదిని చున్నీకి తుడుసుకొని
ఎనుక బండి దిక్కు నడిసిన.

"జరిగిందా లైను?" మొగిలి అడిగిండు.
"లే."
"అయితె ఇంకో వార్త సదువుమను పిల్లను."