జానెడు తక్కువ

పదకొండో రోజుకి నా మూపు నాది కాకుండా పోయింది.
పదమూడు కిలోల సంచీ దాని మీద కాపురం పెట్టింది.
ద్రా నది ఇసుకలోకి ఇంకిపోయే చోట మొదలెట్టాను,
మంచు ఇంకా కరగని మ్గూన్ కొండ దాకా.
పటంలో అది ఎర్ర గీత.
బూటులో అది పొక్కు.

పటం నీలం చుక్క పెట్టిన చోట
నిజంగానే బావి ఉంది.
మేకపిల్లలు పడకుండా పైన లారీ టైరు.
వంగి చూస్తే అడుగున
చొక్కా గుండీ అంత ఆకాశం.

గుడారం తాళ్ళన్నీ విప్పి ఒకదానికొకటి ముడేశాను.
చివర టీ గిన్నె కట్టి దించాను.
గిన్నె నీళ్ళకి పైన ఊగుతూ ఆగింది.
బారెడు తక్కువ.
పొట్ట రాయికి ఒత్తుకుపోయేలా వంగాను, చెయ్యి చాపాను.
బారెడు మూరెడయింది.
ఆ మూరెడు మాత్రం ఎంతకీ తగ్గలేదు.
నీళ్ళు లేకపోతే వేసే దాహం వేరు,
కనిపిస్తూ అందకపోతే వేసేది వేరు.

వెనకనుంచి నవ్వు.
నలభై మేకలు, ఒక గాడిద, ఒక ముసలామె.
చుబుకం మీద పచ్చబొట్టు, నిలువుగా, వెలిసిపోయి.
గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పింది: తూడా.
గాడిద వీపు మీది మేకవెంట్రుకల తాడు దించి
నా రంగురంగుల తాళ్ళకి ముడేసింది.
అలాంటి ముడి నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.
మొదట గాడిదకి. తర్వాత మేకలకి.
తర్వాత నాకు.

కొడుకు బాస్సుకి ఫ్రెంచి వచ్చు. నాకు సగం వచ్చు.
ముగ్గురం ఆ సగంలోనే సర్దుకున్నాం.
ఎక్కడికి? మ్గూన్‌కి.
ఆమె తలూపింది. మేమూ అక్కడికే. ఎండలు ముదిరితే ప్రతి ఏడూ.
రెండేళ్ళు డబ్బు దాచి, ఉద్యోగానికి సెలవు బతిమాలి,
ఒక్కో గ్రామూ తూచి సర్దుకున్నానని చెప్పుకొచ్చాను.
బాస్సు అంతా తిప్పి చెప్పాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది.
"అంటే, ఇల్లు మారుతున్నావన్నమాట. మరి ఇల్లేదీ?"

నువ్వెక్కడ పుట్టావని అడిగితే ఊరి పేరు చెప్పలేదు.
లోయలో ఒక మలుపు చూపించింది.
ఆ రోజు వాళ్ళమ్మ మధ్యాహ్నం దాకా ఆగి
సాయంత్రం మళ్ళీ నడిచిందట.

"ముందు బావులు ఇంకా లోతు. తాడు ఉంచుకో. పైన ఇచ్చేయ్."
పైన ఎలా వెతకను?
"పొగ ఉంటుంది."

తర్వాత సగ్రో కొండలు, కాలిన రొట్టెలా నల్లగా, పెళుసుగా.
తర్వాత రోజంతా నడిచినా దగ్గరకి రాని మైదానం.
తర్వాత చలి.
నా నైలాను తాళ్ళు రాత్రికి కట్టెల్లా బిగిసిపోయేవి.
ఆమె తాడు మాత్రం తడిసిన మేక వాసనేస్తూ
చెప్పినట్టు వినేది.
మూడు వేల మీటర్ల ఎత్తున, కనుమ దిగబోతుండగా
కుడి బూటు లేసు తెగింది.
అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. గాలి ఒక్కటే.
కత్తి తీశాను.

పొగ ఉంది. నల్ల గుడారం ఉంది.
తూడా నాకంటే మూడు రోజులు ముందే వచ్చేసింది,
నలభై మేకలతో, తిరగలితో, దారిలో పుట్టిన రెండు పిల్లలతో.
తాడు అందుకుంది.
కూర్చున్న చోటే చేతులు బారజాపి కొలిచింది:
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఐదో బారలో చెయ్యి గాలిలో ఆగింది.

"జానెడు తక్కువ."

నేను పాదం సంచీ వెనక్కి లాక్కున్నాను.
అప్పటికే చూసేసింది.
ఏమీ అనలేదు. టీ పోసింది. అంతెత్తునుంచి పోస్తే
ఒక్క చుక్క బయట పడలేదు.

తెల్లారి నేను లేచేసరికి
గుడారం గుంజకి వేలాడుతోంది తాడు, ఐదు బారలూ నిండుగా.
చివరి జానెడు మాత్రం కొత్తది,
ఇంకా ఏ నీళ్ళూ తగలనిది,
ముట్టుకుంటే వేలికి గుచ్చుకుంటోంది.