గుంత

బేగంపేట ఆఫీసులో రాత్రి రెండింటికి
మోడల్ లెక్క ముగించి చెప్పింది: పద్నాలుగు.
మూడు కిలోమీటర్ల గడి మొత్తానికి ఒకటే అంకె.
ఆ గడిలో ఒక ఫ్లైఓవరు, రెండు గుట్టలు,
మూసీ ఒడ్డున గడ్డి మళ్ళు,
మడి అంచున అంతమ్మ గుడిసె.
అందరికీ ఒకటే చలి,
రేషన్ బియ్యంలా తూచి.

తెల్లారకముందే నాగోలు దిగువకు పోయాను.
నేను కట్టెకు కట్టిన థర్మామీటరు
తొమ్మిది దగ్గర ఆగి ఉంది.

మబ్బు లేదు. ఆకు కదల్లేదు.
రాళ్ళు పగటి వేడిని ఆకాశానికి వదిలేస్తే
వాటిని ఆనుకున్న గాలి బరువెక్కి
చప్పుడు చేయకుండా దిగొచ్చి
ఇక్కడ మడుగు కట్టింది.
దీనికి నా దగ్గర సమీకరణాలున్నాయి.
పట్టేంత చిన్న గడే లేదు.

"సలి నీళ్ళ లెక్కనే సారూ,"
కొడవలి నూరుతూ అంది అంతమ్మ,
"యాడ గుంతుంటే ఆడ నిలుస్తది.
గా పొగ సూడు."

పొయ్యి పొగ రెండు నిలువులు లేచి
మూత తగిలినట్టు అడ్డంగా పరుచుకుంది.
ఆ మూత కోసమే మేం
రోజూ బెలూన్ ఎగరేస్తాం.

మర్నాటి బులెటిన్‌లో, పెద్దసారుతో వాదించి,
ఒక వాక్యం ఇరికించాను:
నాగోలు గడ్డి మళ్ళలో తొమ్మిది.

ఆ రాత్రి మబ్బు పట్టింది.
పదహారు.

"మాపటీలి పొగ సక్కగ పైకి వోయింది,"
గడ్డి మోపు నెత్తికెత్తుకుంటూ అంది,
"నన్నడగకపోతివి."