చప్పుడు ఆగితే

మస్తానమ్మ.
మూడేళ్ళ పిల్లకి అంత పొడుగు పేరు.
హాజరు పట్టీలో గడి చాలక
చివరక్షరం పక్క పిల్లోడి గడిలోకి పొయ్యింది.

ఫోన్లో అడిగినవన్నీ నింపినా.
బరువు పదిన్నర కిలోలు.
ఆకుపచ్చకీ పసుపుకీ మధ్య ఒక గుడ్డంత తేడా.
ఎత్తు. జబ్బ కొలత. టీకాలు.
రెండు మాటలు కలిపి చెబుతుందా?
లేదు.
మధ్యాన్నం నిద్రపోతుందా?
లేదు.
పేరుతో పిలిస్తే తిరిగి చూస్తుందా?
అక్కడ నా వేలు ఆగింది.
చూస్తది, ఒక్కోసారి, గట్టిగా అరిస్తే.
దానికి గడి లేదు.

"చెవుడేమో, పెద్దాసుపత్రికి రాసెయ్"
అంది సూపర్‌వైజరమ్మ.
రాసినా.
ఆ కాగితం ఇచ్చొద్దామనే
మైపాడు దారి దిగి, స్కూటీ అక్కడే వదిలి
చెప్పులు చేత బట్టుకోని గట్టెక్కినా.

గట్టు మీద తాటాకుల గుడిసె.
రెండు పక్కలా రొయ్యల గుంటలు.
ఇరవై ఏరియేటర్లు
నీళ్ళని చెంపల మీద కొడతానే ఉండాయి.
"ఏం చెంచయ్యా" అన్నా.
ఆ పిలుపు నా పళ్ళు దాటలేదు.
పోలమ్మ నా పెదాల వంక చూసి
క్యాన్‌లో నీళ్ళు వంచి ఇచ్చింది.

ఆ ఇంట్లో మాటంటే చెయ్యి.
పిడికిలి నోటి కాడికి పోతే, అన్నం.
అరచెయ్యి నేలను చూస్తే, కూర్చో.
రెండు చేతులూ విదిలిస్తే
నీటికాకులొచ్చినయ్, పరిగెత్తు.

పరిగెత్తింది.
నూనె డబ్బా మీద కర్రతో బాదుతా
నా దగ్గర ఏడు నెలలు నోరు తెరవని పిల్ల
"హో...య్" అని ఒక్క కేక పెడితే
గుంట మీది నల్లదనమంతా ఒక్కసారిగా లేచింది.

కాగితం మడిచి రవికెలో పెట్టుకున్నా.

"రాత్రిళ్ళు నిద్రపోద్దా?" చేత్తో అడిగినా.
పోలమ్మ నా చెవి కాడికొచ్చి చెప్పింది:
"చప్పుడుంటే రాయి మాదిరి పడుకుంటాది.
కరెంటు పోతే మాకంటే ముందు లేస్తాది.
అది ఏడిస్తేనే మా ఆయన పొయ్యి జనరేటరు ఏస్తాడు.
ఒక గంట ఆలస్యమైతే గుంటంతా తేలిపోద్ది.
ఆసామికి మేం యాడ తెచ్చి కట్టాల?"
చెప్పి నవ్వింది,
కూతురు మంచి మార్కులు తెచ్చినట్టు.

మరి నా అంగన్‌వాడీలో!
అన్నాలయ్యాక తలుపులు దగ్గరికేసి
ఆయా ఖాజాబీ పెదాల మీద వేలు పెట్టి
ఎంత కష్టపడి చప్పుడు లేకుండా చేస్తామో.
పద్నాలుగు మంది పడుకుంటే
ఆ పిల్లొకతే నిటారుగా కూర్చోని
తలుపు వంకే చూసేది.
మొండిఘటం అనుకున్నా. ఒకరోజు గదమాయించినా కూడా.
కాపలా కాస్తా ఉందని
నాకేం తెలుసు.

మర్నాడు అటక మీంచి పాత టేబుల్ ఫ్యాను దించినా.
రెక్క జాలీకి తగిలి లటలటలట.
"పిల్లోళ్ళు లేస్తారు టీచరమ్మా" అని ఖాజాబీ.
లేచినారు, ముగ్గురు.
ఒకడు చాప తడిపినాడు.
మస్తానమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే
పక్కకి ఒరిగిపోయింది.
సగం తిన్న గుడ్డు గుప్పిట్లోనే ఉంది.

రోజుకి ఒక జానెడు
ఫ్యానుని దూరం జరుపుతా వస్తున్నా.
ఇప్పటికి వరండా గడప దాకా వచ్చింది.

నిన్న కరెంటు పోయింది.
లటలట ఆగింది, కళ్ళు తెరుచుకున్నయ్.
ఏడుపుకి పెదవి వంగింది.
పక్కన పడుకోని, వీపు మీద తడతా
నేనే అన్నా, లట, లట, లట.
నా నోరు తడిమి చూసింది.
లోపల ఏ మోటారు ఉందోనని
వేలు పళ్ళ దాకా పెట్టింది.
తర్వాత, గాలంత సన్నంగా,
"లట. లట."

రెండు మాటలు కలిపి చెబుతుందా?
ఫోను తెరిచి పెట్టుకోని ఉండా.
నొక్కేదా?
ఖాజాబీ ఏమో నవ్వుతా ఉంది.