ఏ ఊరి నోరు

బెంగుళూరు ఆదివారం సంతలో
మూత చిరిగిన డబ్బా, మూడువందల యాభై.
పైన బొమ్మ: కొండరాక్షసుడు, చేతిలో గొడ్డలి,
తెరిచిన నోట్లో సున్నం కొట్టినంత తెల్లటి పళ్లు.
లోపల మాత్రం వాడింకా పుట్టలేదు.
బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకి కాయలు కాసినట్టు
మోకాలు, చెవి, సగం వీపు, ఒకటిన్నర కొమ్ము.
కాగితం నిండా జపాను రాత.
అంకెలు అర్థమైతే చాల్లే అని మొదలుపెట్టినా.

నా పని పళ్లు కట్టడం.
కమలానగర్‌లో మేడమీది గది.
కింద డాక్టరు పీకుతాడు, పైన నేను పేరుస్తా.
ఇరవై రెండేళ్లుగా ఎవరు నవ్వినా
ముందు చిగుళ్లు చూస్తా, తర్వాతే మనిషిని.

రాత్రి షట్టరు సగం దించి
మైనం చెక్కే కత్తితోనే
వాణ్ణి ఒక్కో ముక్కా చట్రం నుంచి కోసినా.
కోసిన చోట బొడ్డు మాదిరి చిన్న బుడిపె.
ఆకురాయితో రుద్దితే
అది పోయిందని వేలికొనకి తెలుస్తుంది, కంటికి కాదు.
రెండు డొప్పలు కలిసిన చోట ఒక గీత.
ఆ గీత కనపడకుండా చేయడమే పనితనమంతా,
రాక్షసుడికైనా, రిటైరైన హెడ్మాస్టరుకైనా.

మూడోరాత్రి లెక్కబెడితే ఎడమ చెయ్యి లేదు.
డబ్బా బోర్లించి తట్టినా. కుర్చీ కింద వెతికినా.
షెక్షావలి నవ్వినాడు:
"చెయ్యికి యాభై తగ్గియ్యమని అడగాల్సిందన్నా."
చిగుళ్లకి వాడే గులాబి పొడిలో
ద్రవం నాలుగు చుక్కలు కలిపి, ముద్ద గట్టిపడేలోపల
నా ఎడమచెయ్యి చూసి వాడికొక చెయ్యి చేసినా.
చిటికెనవేలు వంకర. అదీ నాదే,
చిన్నప్పుడు శెనక్కాయలు ఒలిచే మిషన్లో పెట్టింది.

ఇంక రంగులు. మే నెల, కరెంటు లేదు.
కుంచె డబ్బీ నుంచి బొమ్మదాకా పోయేలోపలే ఆరిపోతాంది.
నీళ్లు కలిపి పల్చగా, ఇంకా పల్చగా,
పూత మీద పూత. తొందరపడిన చోట
పాలు విరిగినట్టు భుజం విరిగింది.
కనుగుడ్డు మీద చుక్క పెట్టేటప్పుడు
ఊపిరి బిగబట్టినా. కింద ఆటోవాడు హారన్ కొట్టినాడు.
వాడికిప్పుడు మెల్లకన్ను.

ఆఖరికి పళ్లు.
డబ్బామీద తెలుపే ఉంది. తెలుపే తీసినా.
ముంచిన కుంచె ముంచినట్టే ఆగింది.

పోయినేడు ఉజ్జినమ్మ వచ్చింది,
కళ్యాణదుర్గం అవతల నుంచి, రెండు బస్సులు మారి.
కొంగుముడి విప్పి కొత్త పళ్లు బల్లమీద పెట్టింది.
"ఇవి ఎవరివో నాయనా, నావి గావు.
నవ్వితే మనవరాలు ఏడుస్తాంది.
మా బోరు నీళ్లు తాగినోళ్ల పళ్లు ఇట్లుంటాయా?"
నాకు మాట రాలేదు.
అంత తెల్లగా వచ్చినందుకు నేనే మురిసిపోయినా ఆ పళ్లకి.
మళ్లీ చేసినా. ముందు నాలుగింటికి
అడ్డంగా గోధుమ గీతలు, అంచుల్లో సుద్ద మచ్చలు.
డాక్టరు చూసుంటే తిట్టేవాడు.
ఆమె అద్దం పట్టుకొని
నోరు మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది.
"ఆఁ" అంది చాలాసేపటికి,
"ఇది మా అమ్మ నోరు."

తెలుపు డబ్బీకి మూత బిగించినా.
గోధుమలో ఒక చుక్క నలుపు,
మూడు వెంట్రుకల కుంచె,
పంటికొక గీత. కోరలకి రెండేసి.

తెల్లారి షెక్షావలి వచ్చి
పళ్ల అచ్చుల వరసలో నిలబడిన వాణ్ణి చూసినాడు.
గొడ్డలి చూడలేదు, కొమ్ములు చూడలేదు.
వంగి నోట్లోకి టార్చి కొట్టి
"ఏ ఊరన్నా వీనిది?
తొమ్మిదొందల అడుగుల బోరు తాగినట్టుండాడే" అన్నాడు.

చెయ్యికి మాత్రం రంగెయ్యలేదు ఇంకా.
గులాబిగా, పచ్చిగా, అట్లే ఉంది.