ఆరో నట్టు

ఆటోనగర్ల సర్వర్ మియా షెడ్డు.
డీజిల్ అంటకుండ నిన్నటి పేపరు పరిచి
దాని మీద ఫోటో పెట్టిన.
అగ్గిపెట్టె కన్న జరంత పెద్దది,
మా తాత ఎడారి నుంచి తెచ్చింది.
ఎక్కడిదో, ఎవరు తీసిండ్రో చెప్పకుండనే పోయిండు.

"బెడ్‌ఫోర్డా?" అన్న.
మియా తల అడ్డంగ ఊపిండు.
నాజిల్ చూసే భూతద్దం రేడియేటర్ మీద ఆపిండు.
"గుండ్రంల అడ్డంగ మెరుపు. జర్మనోళ్ల ఓపెల్ ఇది.
బానెట్ పక్కకు చీలికలు చూడు, చేప మొప్పల లెక్క.
దీపానికి మూత, నడుమ సన్నటి సందు.
మీదికెల్లి విమానమోడు చూడొద్దని."

నంబరు ప్లేటు నిండ ఇసుక.
ఏ దళం బండో అది చెప్పదు.

గంతే, ఇగ బండిని ఇడిసిపెట్టిండు మియా.
ముందు చక్రం ఊడదీసి ఉంది.
పక్కన మోకాళ్ల మీద ఒక పోరడు,
మొఖం సగం నీడల.
ఒంటి మీద అంగి లేదు,
ఏ దేశపోడో చెప్పెటందుకు ఒక్క గుండీ లేదు.
నేల మీద ఎల్లకిల పెట్టిన టోపీ, అందుల నట్లు.

బోల్టులు ఆరు.
నట్లు లెక్కపెట్టిండు, మళ్ల లెక్కపెట్టిండు. అయిదే.
"మా ఉస్తాద్ గూడ టోపీలనే ఏసెటోడు," అన్నడు.
చాయ్ మీద మీగడ కట్టింది.
"ఫోటో ఇయ్యాల ఈడనే ఉండనియ్యి."

పోచమ్మ మైదాన్ దాటకముందే ఫోన్:

"ఆరోది దొరికింది బిడ్డా.
పెదవుల నడుమ పట్టుకున్నడు.
నేను గూడ గట్లనే పడ్త.
ఉప్పగుంటది."