బెత్తెడు తేడా

చిలోయే దీవిలో వాన ఆగదు,
రకం మారుతుందంతే.
ఇవాళ్టిది అడ్డంగా కొట్టే రకం.
కొండ నెత్తిన రేకుల గది. లోపల ఓతీలియా మన్సీయా,
కిరోసిన్ పొయ్యి, నేను పట్టుకున్న టార్చి,
గోడకు ఆనించిన ఆరు రాగి డబ్బాలు.
చూడ్డానికి పొడుగాటి బిందెలు.
నీళ్లు నిలవవు వీటిలో,
ఒక్కో దానిలో ఒక్కో స్వరం నిలుస్తుంది.

మూడు నోటివి, మూడు చెవివి.
పైన స్తంభానికి ఉన్నది ఒకే యాంటెన్నా:
అదే మాట్లాడాలి, అదే వినాలి,
అదీ ఒకే క్షణంలో.
యాభై వాట్ల కేక పక్కనే
చీమ గుసగుస వినపడాలి.

నెల రోజులుగా దాని చెవిలో జోరీగ దూరింది.
దక్షిణాన గ్వాయితెకాస్ దీవుల్లోంచి
క్లోదొమీరో పిలిస్తే
"నేను క్లోదొ..." వరకే వచ్చేది.
రిపీటర్ నోరు తెరవగానే
తన మాటలో తానే మునిగి అతన్ని వదిలేసేది.
నోరు మూస్తే మళ్లీ అతను, "...ది, కాస్త చూ..."
మళ్లీ నోరు. మళ్లీ లేడు.
అచ్చం మా మావయ్యే, అన్నాను.
ఓతీలియా నవ్వలేదు.
"కేబుల్," అంది.

ట్రాన్స్‌మిటర్ నుంచి మొదటి డబ్బాకు పోయే పాత తీగ విప్పింది.
తొడుగు కత్తితో చీల్చి నా టార్చి కిందకు తెచ్చింది.
ఒంటిపేట అల్లిక, ఎక్కడికక్కడ కన్నాలు,
ఉప్పుగాలికి పచ్చబారిన రాగి.
"వలతో నీళ్లు మోశారు ఇన్నాళ్లూ."

సంచిలోంచి కొత్తవి తీసింది, ఐదు ముక్కలు.
వెండిపూత, రెండు పొరల అల్లిక,
ఒకదానికన్నా ఒకటి బెత్తెడు పొడుగు.
గుర్తుకు ఒక్కోదానికి ఒక్కో రంగు ఊలు కట్టింది.
కిందటిసారి వచ్చినప్పుడు ఈ మేకుకు
ఎవరిదో పాత టోపీ వేలాడుతోందట,
విప్పితే బోలెడు ఊలు.

"పొడవుతో ఏం పని? యాభై ఓంలు కుదిరితే చాలని
పుస్తకంలో ఉందిగా?"
"పుస్తకం ఈ కొండ ఎక్కలేదు."

పసుపు ఊలు తగిలించింది.
మీటరు ముల్లు వణికింది, ఆంప్లిఫయర్ వేడెక్కి
కమురు వాసన.
ఆపింది. విప్పింది. చేతులు పొయ్యి దగ్గర కాచుకుంది.
నీలం ఊలు. ముల్లు బుద్ధిగా నిలబడింది,
నేను చప్పట్లు కొట్టబోయాను.
ఇల్లలకగానే పండగా?
ఆమె హెడ్‌ఫోన్ నా చెవికి ఆనించింది:
జోరీగ అక్కడే ఉంది, కాస్త సన్నబడి.

ఎరుపు ఊలు.
కనెక్టర్ మరలు తిప్పుతూ కళ్లు మూసుకుంది,
మరల్లోంచి ఏదో వింటున్నట్టు.
మరీ బిగించలేదు, వదులూ చేయలేదు.
స్విచ్ వేసింది.

రేకుల మీద వాన.
గదిలో ఇంకే చప్పుడూ లేదు.
లేదని తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది.

అప్పుడు రెండు వందల కిలోమీటర్ల నీటి మీదుగా
నెల రోజుల మాట మొదటిసారి తోకతో సహా వచ్చింది:
"నేను క్లోదొమీరో. స్తంభం ఎత్తిన రోజు
ఆ గదిలో నా టోపీ మర్చిపోయాను.
మా అమ్మ అల్లింది, కాస్త చూసి పెట్టండి.
ఎవరైనా వింటున్నారా?"

వింటున్నాం.
ప్రతి అక్షరం వింటున్నాం.
ఓతీలియా చేతి రేడియో బటన్ మీద వేలు ఉంచింది,
నొక్కలేదు.
టార్చి వెలుగులో కేబుల్‌కు ఎర్ర ఊలు
చిన్న ముడి, అందంగానే ఉంది.