అవును, కాదు లేని చోట

వాన కాదు, తుంపర.
స్పెరిన్ కొండ దిగగానే ఎర్ర లాంతరు ఊగింది.
నాన్న వ్యాను ఆపాడు.
వెనక నేను, కుళాయి గొట్టాల మూట,
రాత్రి బడి నల్లబల్ల.

పేరు?
కాహీర్ మకన్ తీర్.
ఇంకోసారి, తిన్నగా.
కాహీర్ మకన్ తీర్.
లైసెన్సు మీద చార్లెస్ మెకటీర్ అని ఉందే?
అది మీ గుమాస్తా పెట్టిన పేరన్నాడు నాన్న,
మా మాటలోనే.

టార్చి నా మీదికి తిరిగింది.
లాసరీనా నికన్ తీర్, అన్నాను.
ఆయన మక్ అంటాడు, నువ్వు నిక్ అంటావు,
ఇద్దరిలో దొంగెవరు?
కొడుక్కొక మాట, కూతురికొక మాట ఉంటాయని
తొమ్మిదేళ్ల నోటితో చెప్పబోయాను.
నాన్న చెయ్యి వెనక్కొచ్చి
నా మోకాలి మీద ఆగింది.

ఈ బండి నీదేనా? అవునా, కాదా?
నాదే.
ఊళ్లోంచేనా వస్తున్నావు? అవునా, కాదా?
వస్తున్నాను.
అవునా కాదా అని కదయ్యా అడిగింది!
ఏం చేస్తాడు,
మా భాషలో అవునుకి మాట లేదు, కాదుకీ లేదు.
తిన్నావా అంటే తిన్నాను,
చచ్చావా అంటే చావలేదు.
జవాబు చెప్పాలంటే
క్రియ మొత్తం మొయ్యాలి.

మూడు గంటలు.
నల్లబల్లను రోడ్డు మీద బోర్లించి
వెనకేమైనా దాచామేమోనని చెక్క తట్టి చూశారు.
నిన్నటి పాఠం తడిసి కారిపోతోంది:
రొట్టె, వెన్న, తలుపు, తలుపు తియ్యి.
నాకు ఒంటికి వస్తోంది.
ఏ భాషలో అడగాలో తెలియక
బిగబట్టుకుని కూర్చున్నాను.

గోర్మ్‌లీ, ఆ లాంతరు ఇలా పట్టు, అని అరిచాడు సార్జెంటు.
నాన్న తలెత్తాడు.
ఆ రాత్రి మొత్తంలో ఒక్కసారి, ఇంగ్లీషులో,
నీ పేరులో గోర్మ్ అంటే నీలం, బాబూ, అన్నాడు.
కుర్రాడు నవ్వలేదు.
లాంతరు చెయ్యి మార్చుకున్నాడు.
తర్వాత సంకెళ్లు వేసిందీ అతనే,
నెమ్మదిగా, ఎముక నొక్కకుండా.

కోర్టులో చదివింది రెండే వాక్యాలు.
పేరు చెప్పలేదు.
ప్రశ్నలకు నోరు విప్పలేదు.
ఇరవై పౌన్లు.
బస్సు డ్రైవరూ, లాండ్రీలో పనిచేసే ఆవిడా
బిస్కెట్ డబ్బాలో చిల్లర పోగేసి తెచ్చారు.
రసీదు చార్లెస్ పేరున వచ్చింది.

నాన్న పారెయ్యలేదు.
ఆ రాత్రి బోర్లించినప్పుడు నల్లబల్లకి
ఒక కాలు చివర విరిగింది,
దాని కింద నాలుగు మడతలు పెట్టి దోపాడు.
ఇప్పటికీ కొంచెం ఊగుతుంది,
నేను రాసేటప్పుడు.